పదిహేడో నంబరు సంచి

వడమాలపేటలో కుప్పమ్మ ఇంట్లోంచి చెత్త బయటికి రావడం ఎవరూ చూసి ఎరగరు. అలాంటి ఇంటికి ఒక సోమవారం పొద్దున తిరుపతి నుంచి యూనివర్సిటీ వాళ్లు ముగ్గురు వచ్చి, వారం రోజులు ఇందులో చెత్త వేసి పెట్టమని ఒక తెల్ల సంచి చేతికిచ్చారు. ఆ వీధిలో తికమక అక్కడ మొదలైంది.

కుప్పమ్మకు అరవై ఎనిమిదేళ్లు. పుట్టింది పలమనేరు పక్క పల్లెలో. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురు బిడ్డలూ పురిట్లోనే పోయారు. నాలుగో బిడ్డయినా దక్కాలని తల్లి ఏం చేసిందంటే, పసికందును చేటలో వేసుకుని పోయి పేడకుప్ప మీద పడుకోబెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికొచ్చేసింది. ముందే అనుకున్న ప్రకారం పక్కింటావిడ పోయి ఆ బిడ్డను ఎత్తుకొచ్చి, చేటెడు తవుడు పుచ్చుకుని మళ్లీ తల్లి ఒళ్లోనే పెట్టింది. పారేసిన బిడ్డ మీదికి చావు రాదని ఆ కాలం వాళ్ల నమ్మకం. చావు రాలేదు, కుప్పమ్మ అనే పేరు మాత్రం వచ్చింది.

పదహారేళ్లకు పెళ్లయి వడమాలపేటకు వచ్చింది. మొగుడు మునెయ్య చిల్లులు పడిన గిన్నెలకు మాట్లు వేసేవాడు, అడుగు ఊడిన బిందెకు కొత్త అడుగు అతికేవాడు. ఇంటి పక్కన రేకుల షెడ్డు, అందులో కొలిమి, తోలు తిత్తి. ఊళ్లోకి ప్లాస్టిక్ బిందెలు వచ్చాక ఆ కొలిమి దగ్గరికి వచ్చే మనిషి లేకుండా పోయాడు. అప్పుడు కుప్పమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పనికి పోయి సంసారాన్ని ఈడ్చుకొచ్చింది. అక్కడి నుంచి ఒట్టి చేతులతో వచ్చేదా? లేదు. టెంకలు మూట కట్టుకొచ్చి, ఎండబెట్టి, అంట్లు కట్టే నర్సరీ వాళ్లకు అమ్మేది. మునెయ్య పోయి పన్నెండేళ్లయింది. కొలిమి చల్లారింది గానీ షెడ్డు మాత్రం ఏడాదికేడాది నిండుతూనే వచ్చింది.

ఆ షెడ్డులో లేనిది లేదు. మూతల్లేని డబ్బాలు ఒక పక్క, డబ్బాల్లేని మూతలు ఒక పక్క. గుడ్డ చినిగిన గొడుగుల కడ్డీలు, కడ్డీలు విరిగిన గొడుగుల గుడ్డలు, సైకిలు ట్యూబులు, సిమెంటు సంచులు, చీరల అంచులు. వీధిలో ఎవరికి ఏం విరిగినా ముందు అక్కడికే వస్తారు. పదహారో నంబరు ఇంట్లో ఉండే రూతు కోళ్ల గూటికి తలుపు కావాలని వస్తే, ఫ్యాను రెక్కల మీదున్న జాలీ తీసిచ్చింది. ఇదంతా ఏమంటారో కుప్పమ్మకు తెలియదు. చేసే పనికి ఒక పేరుండాలని ఎప్పుడూ అనుకోలేదు కూడా.

ఆ సోమవారం వచ్చిన ముగ్గుర్నీ అరుగు మీద కూర్చోబెట్టి, ఆమె మొదట అడిగింది ఒకటే.

"మీరంతా పింఛను ఆఫీసోళ్లా నాయనా?"

"కాదవ్వా. మేము పరిశోధన చేస్తాండాము" అంది వాళ్లలో ఆడపిల్ల లోకేశ్వరి. చిత్తూరు పిల్ల, మాట మెత్తన. "నేను మనుషుల మనసు గురించి చదివినాను. ఈ బాలచంద్ర సారు సరుకులు, బజారు, ఆర్థికం చదివినారు. ఆ ఏబెల్ చెత్త గురించి చదివినాడు."

కుప్పమ్మ ఏబెల్‌ను తేరిపార చూసింది. "చెత్తకు గూడా చదువుండాదా?"

"ఉండాదవ్వా. ఆరేండ్లు చదివినా."

"ఆరేండ్లా! మీ నాయన ఏమన్లేదా?"

"ఇప్పటికీ అంటానే ఉండాడు."

లోకేశ్వరి నవ్వాపుకుని ఒక అట్ట తీసి చూపించింది. గుండ్రటి బొమ్మ, చుట్టూ పచ్చ బాణాలు. "ఒక వస్తువు పాతబడినాక నేలపాలు కాకుండా ఇంకో వస్తువై తిరగతా ఉండాల. దీన్ని వలయ ఆర్థికం అంటారవ్వా. జనం ఏం పారేస్తారు, ఏం దాచుకుంటారు, ఎందుకట్ల చేస్తారు అనేది మాకు తెలియాల. ఒక చదువుతో తేలేది కాదని ముగ్గురం కలిసినాము."

కుప్పమ్మ ఆ అట్టను అటు తిప్పింది, ఇటు తిప్పింది, దూరంగా పెట్టి చూసింది.

"బాణాలన్నీ చుట్టూ తిరగతా ఉండాయి, సరే. నడాన ఖాళీగా ఉండాదే, ఆడ ఎవరుండారు?"

ఆ ప్రశ్న వాళ్ల కాగితాల్లో లేదు.

లోకేశ్వరి అట్ట పక్కన పెట్టి ప్రశ్నల కాగితం తీసింది. "ఒక వస్తువును పారేసేటప్పుడు నీకు ఎంత బాధ కలుగుతాది? ఒకటి నుంచి అయిదు లోపల చెప్పవ్వా. ఒకటంటే బాధ లేనట్టు, అయిదంటే శానా బాధ."

"ఏ వస్తువు?"

"ఏదైనా సరే."

"ఏదైనా అంటే ఎట్ల పాప? చీపురు పోతే ఒక బాధ, చేట పోతే ఒక బాధ. మా ఆయన తిత్తి పోతే నేను బతకను. అన్నీ కలిపి చెప్పమంటావా?" అని వేళ్ల మీద ఏదో కూడుకుని, "మూడున్నర రాసుకో" అంది. కాగితం మీద మూడున్నరకు చోటు లేదు.

తర్వాత బాలచంద్ర వంతు. ఆయన కళ్లద్దాల మనిషి, ఏదీ తొందరగా వదిలే రకం కాదు. "ఒక బకెట్టును మీరు ఎన్నేళ్లు వాడతారు?"

"ఏ బకెట్టప్పా? నీళ్ల బకెట్టా, పిడి ఊడినాక పేడ బకెట్టా, అడుగు పోయినాక మొక్క పెట్టే బకెట్టా?"

"ఒకే బకెట్టు."

"నేను చెప్పేది ఒకే బకెట్టే కదప్పా!"

బాలచంద్ర ఒక అంకె రాశాడు, కొట్టేశాడు, ఇంకొకటి రాశాడు, దాన్నీ కొట్టేశాడు.

ఆఖరున ఏబెల్ సంచి తీశాడు. దాని మీద ఇంటి నంబరు పదిహేడు అని నల్ల రంగుతో రాసి ఉంది. వీధిలో ప్రతి ఇంటికీ ఒకటి. ఇంట్లోంచి బయటికి పారేసేదంతా అందులో వేయాలి. వారానికొకసారి ఆటోలో వచ్చి, మూతి కట్టిన సంచి తీసుకుని, వేరే వట్టి సంచి ఇచ్చిపోతారు. తిరుపతిలో ఒక షెడ్డులో తూకం వేస్తారు. ఇలా నాలుగు వారాలు. మొదట శుక్రవారం వస్తామన్నారు గానీ, శుక్రవారం ఇంట్లోంచి పుల్ల కూడా బయటికి పంపేది లేదని వీధి ఆడవాళ్లు పట్టుబడితే సోమవారానికి మార్చారు.

"మీ వాకిట్లో సంచి తెరవమవ్వా. ఒకరి చెత్త ఇంకొకరి ముందర విప్పేది మర్యాద కాదు" అన్నాడు ఏబెల్.

మర్యాద అనే మాట కుప్పమ్మకు నచ్చింది. అతని చేతిలోని వేలాడే కాటాను కూడా ఊరికే వదల్లేదు. మాట్లేసే మునెయ్య పెళ్లాం కదా, ఒకసారి లాగి చూసి, "దీని స్ప్రింగు సడలింది నాయనా. ముల్లు నిలవదు. జాగ్రత్త" అని చెప్పి పంపింది.

ఆ సాయంత్రం కొడుకు రవిచంద్ర ఇంటికొచ్చాడు. తిరుపతి నుంచి కాణిపాకానికి యాత్రికులను తిప్పే కారు అతనిది, సొంతంగా కొనుక్కుని ఏడాదయింది. పెట్టుకోను చోటు లేక రోడ్డు పక్కనే నిలబెడతాడు. మొన్ననే ఒక లారీ దాని పక్క అద్దాన్ని రాసుకుంటూ పోయింది. అప్పటి నుంచి అతని చూపంతా షెడ్డు మీదే ఉంది.

"అమా, ఆ కుప్పంతా తీసేస్తే కారు నీడపట్టున ఉంటాది."

"కుప్ప కాదురా అది."

"మరేంది?"

దానికి పేరు దొరక్క కుప్పమ్మ దగ్గరున్న డబ్బాను కొంగుతో తుడిచింది.

"సరే, నేను సెప్తే నీకు కోపం. యూనివర్సిటోళ్లనే తేల్చనీ. మన ఇంట్లో చెత్త ఎక్కువని వాళ్ల కాగితంలో వస్తే షెడ్డు పీకేస్తా. తక్కువని వస్తే ఈ జన్మలో ఆ మాటెత్తను. కాణిపాకం వినాయకుని మీద ప్రమాణం!"

"దేవుణ్ని నడాన పెట్టేదెందుకబ్బా?" అంటూ కోడలు జయంతి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. కాణిపాకం వినాయకుడి మీద ఒట్టు పెట్టుకుంటే ఆ జిల్లాలో ఎవరూ దాన్ని నవ్వులాటకు తీసుకోరు. అప్పటికే అత్త "సరేరా, నేనూ ఒప్పుకుంటా ఉండా" అనేసింది. ఓడిపోతానన్న అనుమానం ఆమెకు గోరంత కూడా లేదు.

సంచి వాకిట్లో మేకుకు వేలాడింది. కూరగాయల తొక్కలు రూతు మేకలకు పోయాయి. పాల ప్యాకెట్లు కడిగి, మట్టి నింపి, వాటిలో మామిడి టెంకలు నాటింది. మాత్రల అట్టలు తళతళమంటాయి కాబట్టి పిట్టలు రాకుండా పెరట్లో దండగా కట్టింది. ఆదివారం గడిచి సోమవారం తెల్లారింది. సంచి ఇచ్చిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

కుప్పమ్మ దాన్ని చేతిలో పట్టుకుని ఎటూ తోచక నిలబడిపోయింది. పక్కింటి నుంచి గిన్నె వస్తే ఆమె ఏనాడూ వట్టి గిన్నె తిరిగి పంపలేదు. చిటికెడు చక్కెరో, నాలుగు పచ్చిమిరపకాయలో, ఏదో ఒకటి వేసి పంపాలి. వీధిలో అందరూ అంతే. ఇక ఇది ఊరుగాని ఊరు నుంచి, చదువుకున్న బిడ్డలు ఇచ్చిన సంచి. వట్టిదిగా చేతిలో పెడితే ఏమనుకుంటారు? పెరట్లో చెట్టుకు బెంగళూరా మామిడికాయలు కాసి ఉన్నాయి. మంచివి ఏరి, పదిహేను కాయలు సంచిలో పెట్టి, మూతి గట్టిగా కట్టింది. ఏబెల్ భుజానికెత్తుకుని ఆటోలో వేసుకుపోయాడు.

పోతూ పోతూ చేతిలో ఇంకో సంచి పెట్టాడు, ఖాళీది. 'ఆరేండ్లు చదివినాడు, పద్ధతి మాత్రం తెలీదు పాపం' అనుకుంది.

రెండో వారం మూడు కిలోల చింతపండు పెట్టింది. మూడో వారం ఉలవలు. నాలుగో వారం పలమనేరు నుంచి తమ్ముడు పంపిన బెల్లం అచ్చులు రెండు. ఇదంతా జయంతి కంటపడలేదు. డబ్బాల్లో చింతపండు తగ్గితే రూతుకు పోయిందిలే అనుకుంది. అవి కాటా ఎక్కుతాయని కుప్పమ్మకు తట్టనే లేదు. గిన్నెలో వచ్చిన తినుబండారం ముందు తీసుకుని, ఆ తర్వాత కదా ఎవరైనా గిన్నెను చూసేది! పెట్టింది వాళ్లకు, తూచేది చెత్తను. రెండూ ఒకటెలా అవుతాయి? ఆమెకున్న బాధల్లా వేరే. నాలుగు వారాలైనా 'ఉలవలు బాగా ఉడికినాయవ్వా' అని ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

నాలుగో సంచి తీసుకుపోయిన సోమవారమే, తూకాలు ముగించుకొచ్చి, సాయంత్రం బడి వరండాలో వీధివాళ్లందర్నీ కూర్చోబెట్టి, బాలచంద్ర గోడకు ఒక పటం తగిలించాడు. ఇంటికొక నిలువు గీత. గీత ఎంత పొడుగుంటే ఆ ఇంట్లో చెత్త అంత ఎక్కువ. పేర్లు లేవు, నంబర్లే.

"నాది చిన్నదే! ఇంట్లో ఆరుమందిమి ఉండాము, అయినా చిన్నదే!" రూతు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అంతలోనే పక్క గీత మీద ఆమె కన్ను పడింది. "కుప్పక్కా, నీదేందక్కా కొబ్బరి చెట్టంత ఉండాది?"

పదిహేడో గీత అన్నిటికన్నా పొడుగు. పై అంచుకు తగులుతోంది. వరండాలో అందరూ కుప్పమ్మ వైపు తిరిగారు. నవ్వుదామా వద్దా అన్నట్టున్నాయి మొహాలు.

రవిచంద్ర కూడా సంతోషపడలేదు. "అమా, నువ్వు ఏం పారేస్తా ఉండావు?"

"ఏమీ లేదురా."

"ఏమీ లేకపోతే ఇంత గీత యాడి నుంచి వస్తాది?"

"నాకేం తెలుసురా!"

ఇంటికొచ్చి షెడ్డు ముందు కూర్చుంది. ఒకవేళ వాళ్లు షెడ్డును కూడా తూచారా? తాను ఇల్లంతా ఊడ్చి దాచుకున్నదాన్ని చదువుకున్నవాళ్ల కాటా చెత్త అంటే, అది చెత్తేనేమో. యాభై ఏళ్లుగా తెలియక మోసిందేమో. పుట్టిన రోజున కుప్ప మీద వేశారు, ఆ బరువు ఇప్పటికీ తగ్గలేదేమో. ఎటు ఆలోచించినా దారి మొదటికే వస్తోంది. ఇచ్చిన మాట మాత్రం ఇచ్చినట్టే ఉంది. "పొద్దున పీకెయ్‌రా" అంది కొడుకుతో. "తిత్తి ఒక్కటి నా మంచం కింద పెట్టు."

మంగళవారం పొద్దున రవిచంద్ర నిచ్చెన వేసి రెండు రేకులు దించాడు. మూడోది పట్టుకుని ఉండగా లోకేశ్వరి ఒక్కతే బస్సు దిగి వచ్చింది. రాత్రంతా ఆ అంకె తనను కుదురుగా ఉండనివ్వలేదని ఆ పిల్ల మొహమే చెబుతోంది.

"అవ్వా, ఒకటి అడగతాను, కోపం చేసుకోవద్దు. తినే వస్తువుల్ని ఎందుకు పారేస్తాండావు?"

"ఎవురు?"

"నువ్వే. సంచులు విప్పి వేరు చేసే ఆడోళ్లు రాసిపెట్టినారు. మంచి మామిడికాయలు, చింతపండు, ఉలవలు, నిన్న బెల్లం. పదిహేడో ఇంట్లో తిండి వృథా శానా ఎక్కువ అని."

కుప్పమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "పారేసేదా! అవి మీకు పంపిస్తిని కదమ్మా!"

"మాకా? ఎందుకు?"

"ఎందుకేంది? సంచి వట్టిదిగా ఎట్ల ఇచ్చేది?" ఇక ఆమెకు ఆగలేదు. "నాలుగు వారాలుగా ఎదురుచూస్తా ఉండా. బెల్లం తిన్నారా, ఉలవచారు పెట్టుకున్నారా... ఒక్కరన్నా అడిగినారా? నాదే బుద్ధి తక్కువ, మీకు ఇష్టం లేదేమో అనుకుంటి!"

నిచ్చెన మీద రవిచంద్ర రేకు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "అమా! మన బెల్లం చెత్తలో వేసి పంపినావా?"

"చెత్త యాడుందిరా అందులో? బెల్లమే!"

"మరి ఆ బెల్లం ఏమైంది?"

"ఆ ఆడోళ్లు ఇండ్లకు ఎత్తకపోయినారంట" అంది లోకేశ్వరి సిగ్గుపడుతూ.

"పోన్లే, ఎవరో ఒకరు తిన్నారు" అని కుప్పమ్మ మొదటిసారి స్థిమితంగా ఊపిరి తీసుకుంది.

మధ్యాహ్నానికి మిగతా ఇద్దరూ దిగారు. అరుగు మీద ముగ్గురూ కూర్చుని వాదులాడుకుంటుంటే, కుప్పమ్మ మజ్జిగ పోస్తూ ఒక్కొక్కరి మాట అయ్యేదాకా నిలబడి విన్నది.

"ఇంట్లోంచి బయటికి పోయినదంతా బరువే. నా తూకం తప్పు కాదు" అన్నాడు ఏబెల్.

"అది చెత్త కాదు, ఇచ్చిపుచ్చుకోవడం" అన్నాడు బాలచంద్ర. అని, ఒక గుక్క మజ్జిగ తాగి, "కానీ మనం పుచ్చుకున్నామే గాని ఇచ్చింది లేదు కదా. అప్పుడు అది కూడా కాదు" అన్నాడు.

"ఇది అలవాటు సార్. మనం రాసిన ప్రశ్నల్లో దీనికి గడి లేదు" అంది లోకేశ్వరి.

"గడి లేకపోతే ఇతరములు."

"ఇతరములు నిండిపోయింది సార్. బకెట్టు అందులోనే ఉంది."

ముగ్గురు చెప్పేదీ నిజంలాగే ఉంది కుప్పమ్మకు. ముగ్గురూ కలిస్తే మాత్రం ఏమీ అర్థం కావడం లేదు. ఆఖరికి పదిహేడో ఇంటి నాలుగు వారాల అంకెలూ కొట్టేసి, ఆ ఇంటికి మాత్రం ఇంకొక్క వారం ఇద్దామని తేల్చారు.

"ఈసారి మాకేమీ పెట్టొద్దవ్వా. నీ చెత్త ఉంటే వెయ్యి, లేకపోతే వట్టి సంచి ఇయ్యి" అంది లోకేశ్వరి.

"వట్టి సంచి కుదరదు" అన్నాడు బాలచంద్ర. "సున్నా వస్తే కంప్యూటరు ఆ ఇంటికి తాళం పడిందనుకుంటుంది. జాబితాలోంచి తీసేస్తుంది."

కుప్పమ్మ చేతిలోని మజ్జిగ చెంబు అలాగే నిలిచిపోయింది. "అంటే, ఏదన్నా పారేస్తేనే నేను ఈడ ఉండేట్టా?"

రవిచంద్ర గడప దగ్గర నిలబడి విన్నాడు. "జాబితాలో మన ఇల్లే లేకపోతే ఎక్కువా తక్కువా తేలేదెట్ల? ప్రమాణం చేసినాను కదమా, ఏదో ఒకటి రావాల. సోమవారం దాకా రేకుల జోలికి పోను."

ఆ వారం కుప్పమ్మ పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. పెడితే వృథా, పెట్టకపోతే ఇల్లే లేదు. నిజంగా దేనికీ పనికిరాని వస్తువు కావాలి. షెడ్డంతా వెతికింది. పళ్లు ఊడిన దువ్వెన ఒకటి దొరికితే, సంచి దాకా తెచ్చేలోపు రూతు చూసి, "అక్కా, మేకల బొచ్చు దువ్వేదానికి బాగుంటాది" అని పట్టుకుపోయింది. తెగిన చెప్పు తీస్తే, దాని తోలు పట్టీ పెట్టె మూతకు బందుగా సరిపోయింది. బుధవారం సాయంత్రం వాన వచ్చింది. రేకులు దించిన చోట నీళ్లు కారి డబ్బాల్లో టపటపమంటుంటే, కుప్పమ్మా జయంతీ సిమెంటు సంచులు పరిచి కప్పారు.

"అత్తా, నేనొక చాక్లెట్ కాగితం వేసేస్తా. ఎవరికి తెలుస్తాది?" అంది జయంతి జాలిపడి.

"వినాయకుని మీద ప్రమాణం చేసినాక దొంగ చెత్త వేస్తావా? గమ్మునుండు మే."

సోమవారం వచ్చింది. ఆటో ఆగింది, ముగ్గురూ దిగారు. వీధి సగం వాకిట్లోనే ఉంది. ఈసారి ఇక్కడే తూచాలని లోకేశ్వరి పట్టుబట్టడంతో ఏబెల్ కాటా కూడా తెచ్చాడు. కుప్పమ్మ సంచి అందుకుని అతని వైపు చెయ్యి చాచింది. చెయ్యి ముందుకు పోయింది గానీ వేళ్లు వదల్లేదు. "ఒక్క నిమిషం నాయనా" అని గబగబా పెరట్లోకి పోయి వచ్చి, అప్పుడు ఇచ్చింది.

ఏబెల్ సంచిని కొక్కేనికి తగిలించాడు. ముల్లు కదల్లేదు. వేలితో తట్టాడు. ఇంకోసారి తట్టాడు. లోపల టప్పుమని ఏదో తెగి, కొక్కెం సంచితో సహా కింద పడింది.

"సెప్పలేదా, స్ప్రింగు సడలిందని" అంది కుప్పమ్మ.

"తెరవమంటావా అవ్వా?"

"నీకే కదప్పా పెట్టింది. తెరువు."

సంచి అడుగున ఒక్క కరేపాకు రెబ్బ ఉంది. లోకేశ్వరి మొహం వాడిపోయింది. "పెట్టొద్దంటిమి కదవ్వా!"

"చెయ్యి రాలేదు పాప. పోనీ షెడ్డు."

ఏబెల్ ఆ రెబ్బను చేతిలోకి తీసుకున్నాడు. వాసన చూశాడు. తర్వాత ఆకులన్నీ ఒక్కొక్కటిగా దూసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఇది నాకు పెట్టింది, నేను తీసుకున్నా. ఈ పొద్దు మా ఇంట్లో చారులోకి." చేతిలో మిగిలిన పుల్లను పైకెత్తి చూపించాడు. "ఇది చెత్త."

ఆటోలోంచి చిన్న కాటా తెచ్చి దాని మీద పుల్లను పెట్టాడు. వీధి వీధంతా మెడలు చాచింది. ఒక్క గ్రాము.

బాలచంద్ర కళ్లద్దాలు సవరించుకుని రెండుసార్లు చూశాడు. "సున్నా అయితే కాదు" అన్నాడు, తనకే నమ్మకం లేనట్టుగా. "వీధిలో ఇదే తక్కువ."

రవిచంద్ర షెడ్డు దగ్గరికి పోయాడు. గోడకు ఆనించిన రేకులు భుజానికెత్తుకున్నాడు. నిచ్చెన ఎక్కి సగం దూరం పోయాక ఆగి, కిందికి చూశాడు.

"అమా, మొలలు యాడ పెట్టినావు?"

"కుడిపక్క మూతలేని డబ్బాలో. నువ్వు పీకినవేలే, వంకర తీసి పెట్టినా."

సాయంత్రం వాళ్లు లేచారు. ఏబెల్ సంచి తెచ్చి కుప్పమ్మ చేతిలో పెట్టి, "ఇంక మాకు అక్కర్లేదవ్వా, ఉంచుకో" అని ఆటో ఎక్కేశాడు. సంచి బరువుగా ఉంది. ఆటో మలుపు తిరిగాక విప్పి చూసింది. లోపల ఆ విరిగిన కాటా, ఊడిన కొక్కెంతో సహా ఉంది.

జయంతి వచ్చి తొంగి చూసింది. "ఇదేందత్తా? మనకు కానుకగా ఇచ్చినాడా, పాడైందని మన మీద పారేసినాడా?"

కుప్పమ్మ దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ముల్లును వేలితో కదిపింది. ఎంత ఆలోచించినా ఏదో ఒకటి అని చెప్పలేకపోయింది.

"ఏమో మే" అంది షెడ్డులోకి పోతూ. "ఇనుము మాత్రం మంచిది."